ఆరు రెండయ్యే చోటు

మా మేనల్లుడు కిందటేడు తన గదిలోకి ఒక ఏవీ రిసీవర్ (శబ్దాన్ని అందుకుని స్పీకర్లకు పంచే పెట్టె), ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ తెచ్చుకున్నాడు. కంప్యూటరు వెనక ఎర్రటి వెలుతురు కనిపించే చిన్న చదరపు రంధ్రం ఉంది. అందులోంచి రిసీవరుకు ఆప్టికల్ కేబుల్ వేశాడు. పాత డీవీడీ సినిమా ఒకటి పెడితే, వాన సన్నివేశంలో చినుకులు వీపు వెనక పడ్డాయి. ఎంతో మురిసిపోయాడు. తర్వాత కంప్యూటర్ గేమ్ పెట్టాడు. ఆటలో శత్రువు వెనక నుంచి వస్తున్నాడు, అడుగుల చప్పుడు మాత్రం ముందున్న రెండు స్పీకర్లలోనే వినబడుతోంది. వెనక స్పీకర్లు ఉలకవు, పలకవు. కేబుల్ మార్చాడు. ఇంకా ఖరీదైనది కొన్నాడు. ఫలితం అదే.

"మామయ్యా, తీగ ఒకటే, పెట్టె ఒకటే, స్పీకర్లు అవే. సినిమాకి పలికేవి ఆటకెందుకు పలకవు?" అని అడిగాడు.

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే ఇంటి కంప్యూటరును హోమ్ థియేటరుకు కలపడంలో వచ్చే చిక్కులు చాలావరకు వాటంతటవే విడిపోతాయి. కంప్యూటరు నుంచి స్పీకరు దాకా శబ్దం నాలుగైదు చేతులు మారుతుంది. ఆ దారిలో ఎక్కడో ఒకచోట ఆరు కాస్తా రెండవుతుంది. ఆ చోటు పట్టుకోవడమే అసలు పని.

ఐదూ, ఆ పక్కన ఒకటీ

ఇలాంటి స్పీకర్ల ఏర్పాటును 5.1 అంటారు. ఆ మాటలో ఐదు అంటే ఐదు వేర్వేరు శబ్ద ధారలు: ముందు ఎడమ, ముందు కుడి, నడుమ, వెనక ఎడమ, వెనక కుడి. ఒక్కోదాన్ని ఛానల్ అంటారు. చుక్క తర్వాతి ఒకటి వూఫరుకు వెళ్లే ఆరో ధార. మిగతా ఐదూ మనిషి చెవికి వినిపించే శబ్దాలన్నిటినీ, అంటే 20 హెర్ట్‌జ్ నుంచి 20,000 హెర్ట్‌జ్ దాకా మోస్తాయి. ఆరోది 120 హెర్ట్‌జ్ లోపు గంభీరమైన దడదడలనే మోస్తుంది. దానికి కావలసిన చోటు అతి కొంచెం కనుక దాన్ని పూర్తి ఒకటిగా లెక్కించలేదు.

ఐదు దిక్కులకు ఐదు స్పీకర్లు పెట్టి, వూఫరు మాత్రం ఒక్కటే ఎందుకు? దిక్కును చెవి ఎలా పసిగడుతుందో చూస్తే తెలుస్తుంది. కుడిపక్క చిటిక వేస్తే ఆ చప్పుడు కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కాస్త తర్వాత చేరుతుంది. తేడా మహా అయితే సెకనులో పదివేల వంతుల్లో ఆరేడు వంతులు. అంత చిన్న తేడాను మెదడు కొలిచి "కుడివైపు" అని తేలుస్తుంది. 80 హెర్ట్‌జ్ మోత సంగతి వేరు. దాని ఒక్క అల పొడవే నాలుగు మీటర్ల పైచిలుకు. జానెడు కూడా ఎడం లేని రెండు చెవులకు అంత పెద్ద అల దాదాపు ఒకే తీరున తగులుతుంది. అందుకే వూఫరు మూలన ఉన్నా, సోఫా పక్కన ఉన్నా దాని దిక్కు మనకు సరిగా తెలియదు.

వెనక వచ్చే అడుగుల చప్పుడుకు మాత్రం వెనక ఒక స్పీకరు, దానికంటూ ఒక ధార కావాలి. మేనల్లుడి ఆటలో తప్పిపోయింది ఆ ధారే.

రెండే గళ్ల తూము

కంప్యూటరులో శబ్దం అంకెల రూపంలో ఉంటుంది. ఒక్కో ఛానల్లో సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి, ప్రతి కొలతనూ 16 బిట్లలో రాస్తారనుకోండి. ఒక ఛానల్‌కు సెకనుకు 7.68 లక్షల బిట్లు అవుతాయి. రెండు ఛానళ్లకు 15.36 లక్షలు, ఆరింటికి 46 లక్షలు.

ఆప్టికల్ కేబుల్ సీడీల కాలం నాటిది. ఎర్రటి వెలుతురును ప్లాస్టిక్ పోగు గుండా పంపే ఈ తీగను తోషిబా 1983లో తెచ్చింది. అందులో అంకెలు ఏ వరుసలో నడవాలో సోనీ, ఫిలిప్స్ కలిసి నిర్ణయించిన పద్ధతి చెబుతుంది. సీడీకి రెండే ఛానళ్లు కనుక ఆ వరుస ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ సాగుతుంది. మూడోవాడికి అందులో గడి లేదు. కాలువకు రెండే తూములు పెట్టి కట్టినట్టు. కాలువ ఎంత మంచిదైనా మూడో పొలానికి నీరు అందదు. ఖరీదైన కేబుల్ కొన్నా మేనల్లుడికి ఫలితం లేకపోయింది ఇందుకే.

మరి డీవీడీలోని వాన ఎలా వచ్చింది?

అది మూటగట్టి వచ్చింది. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం హోరెత్తుతున్నప్పుడు పక్కవాడి గుసగుస మనకు వినబడదు. గుసగుస జరగక కాదు, పెద్ద చప్పుడు చిన్నదాన్ని కప్పేసింది. చెవికి ఎలాగూ అందని ఆ గుసగుసను పూర్తి వివరంగా రాసి పంపడమెందుకు? డాల్బీ డిజిటల్, డీటీఎస్ వంటి పద్ధతులు ఈ చెవి గుణాన్నే వాడుకుంటాయి. ఏ క్షణాన ఏది వినబడదో లెక్కగట్టి, దాన్ని వదిలేసి లేదా ముతకగా రాసి, ఆరు ఛానళ్లనూ ఒకే మూటలోకి కుదిస్తాయి. డీవీడీల్లో ఈ మూట తరచు సెకనుకు 4.48 లక్షల బిట్లు ఉంటుంది. అంటే కుదించిన ఆరు ఛానళ్లు, కుదించని రెండు ఛానళ్లలో మూడో వంతు కూడా లేవు. రెండు గళ్ల తూములోంచి ఈ మూట సులువుగా జారిపోతుంది. అవతల రిసీవర్ దాన్ని విప్పి ఆరు ధారలు చేస్తుంది.

ఈ కుదింపు పుట్టింది ఇళ్ల కోసం కాదు. 35 మిల్లీమీటర్ల సినిమా రీలు అంచున పళ్లచక్రం కోసం రంధ్రాలుంటాయి. రెండు రంధ్రాల నడుమనున్న ఆ కాస్త చోట్లో ఆరు ఛానళ్ల శబ్దాన్ని ముద్రించాలని డాల్బీ ఇంజనీర్లు తలపెట్టారు. 1992లో బ్యాట్‌మన్ రిటర్న్స్ ఆ పద్ధతిలో విడుదలైంది. మరుసటి ఏడు జురాసిక్ పార్క్‌తో వచ్చిన డీటీఎస్, శబ్దాన్ని విడిగా సీడీల్లో పెట్టి, రీలు మీద కాలాన్ని చెప్పే గుర్తులు మాత్రమే ముద్రించింది. అగ్గిపుల్ల తలంత జాగాలో థియేటరంతటినీ నింపే శబ్దాన్ని ఇరికించిన ఆ ఉపాయం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఇప్పుడు మేనల్లుడి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. డీవీడీ మూట స్టూడియోలోనే కట్టి ఉంది. కంప్యూటరు దాన్ని విప్పకుండా రిసీవరుకు అందించింది. ఆటకు అలాంటి మూట లేదు. ఆడేవాడు ఎటు తిరుగుతాడో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, అడుగుల చప్పుడు ఎటు నుంచి రావాలో కంప్యూటరు అప్పటికప్పుడు లెక్కగట్టి ఆరు ధారలు తయారు చేస్తుంది. కుదించని ఆరు ధారలు, ఎదురుగా రెండు గళ్లు. మిగతా నాలుగింటిని రెండింట్లో కలిపేస్తుంది, లేదా వదిలేస్తుంది.

దీనికి ఒక విరుగుడుంది. ఆరు ధారలను కంప్యూటరే అక్కడికక్కడ మూటగట్టాలి. డాల్బీ డిజిటల్ లైవ్, డీటీఎస్ కనెక్ట్ అనే పేర్లతో కొన్ని సౌండ్ కార్డుల్లో, కొన్ని మదర్‌బోర్డుల్లో ఈ సదుపాయం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన తొలి ఎక్స్‌బాక్స్ ఈ పని చేసేది. కట్టడానికి, విప్పడానికి కొంత సమయం పడుతుంది కాబట్టి చప్పుడు రవ్వంత ఆలస్యమవుతుంది. సినిమాకు పట్టింపు లేదు, వేగంగా సాగే ఆటల్లో కొందరికి తెలుస్తుంది.

[బాక్స్] రంగురంగుల రంధ్రాల దారి

కంప్యూటరు వెనక ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే రంధ్రాలు వరసగా ఉంటాయి. ఎక్కువ రంధ్రాలున్న బోర్డుల్లో ఆకుపచ్చది ముందు స్పీకర్లకు, నల్లది వెనకవాటికి, నారింజది నడుమ స్పీకరుకు, వూఫరుకు. మూడే రంధ్రాలున్నచోట నీలం, గులాబీ రంగువే సెట్టింగు మార్చగానే వెనక, నడుమ ధారలుగా పనిచేస్తాయి. ఒక్కో రంధ్రం రెండు ధారలు మోస్తుంది, మూడు కలిస్తే ఆరు. వాటిని అందుకోవడానికి రిసీవర్ వెనక ఆరు వేర్వేరు ఇన్‌పుట్లు ఉండాలి. పాత రిసీవర్లలో అవి ఉండేవి, కొత్తవాటిలో చాలావరకు తీసేశారు. మీ దగ్గర పాతది ఉంటే పారేయకండి. ఆటలకు, సినిమాలకు కూడా పనికొచ్చే దారి ఇది.

బొమ్మ సందుల్లో చప్పుడు

ఇవాళ అందరికీ అనువైన దారి హెచ్‌డీఎంఐ. 2002 డిసెంబరులో వచ్చిన తొలి రూపంలోనే అది ఎనిమిది ఛానళ్లను కుదించకుండా మోయగలిగేది. బొమ్మ కోసం వేసిన తీగలో చప్పుడు ఎక్కడ పడుతుందని అనుమానం రావచ్చు. ఫుల్ హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 60 చిత్రాల లెక్కన దాదాపు 300 కోట్ల బిట్లు కావాలి. ఆరు ఛానళ్ల శబ్దానికి కావలసింది 46 లక్షలు. గంగాళంలో గరిటెడు.

ఆ గరిటెడు ఎక్కడ పోస్తారన్నది మరింత ముచ్చటైన విషయం. పాత డబ్బా టీవీల్లో ఎలక్ట్రాన్ పుంజం ఒక గీత గీశాక, తర్వాతి గీత మొదలుపెట్టడానికి వెనక్కి రావాలి. ఆ కాస్త సమయం బొమ్మ పంపకుండా ఖాళీగా వదిలేవారు. డబ్బా టీవీలు పోయినా ఆ విరామాలు సిగ్నల్లో అలాగే మిగిలాయి. హెచ్‌డీఎంఐ శబ్దాన్ని పొట్లాలు కట్టి ఆ సందుల్లో పెట్టి పంపుతుంది.

ఇందులోంచే ఒక చిక్కు పుట్టింది. బొమ్మ లేకపోతే సందులు లేవు, సందులు లేకపోతే చప్పుడుకు చోటు లేదు. అందుకే శబ్దం కోసమే హెచ్‌డీఎంఐ పెట్టినా కంప్యూటరు రిసీవరును ఇంకో మానిటరుగా భావిస్తుంది. మౌస్ బాణం తెర అంచు దాటి కనబడని చోటికి జారిపోతుంది. ఇది కంప్యూటరు పాడవడం కాదు. మానిటరును రిసీవర్ హెచ్‌డీఎంఐ అవుట్‌కు తగిలిస్తే సరి. రిసీవర్ దాటించలేనంత వేగంగా తెర మారే గేమింగ్ మానిటరు ఉంటే దాన్ని నేరుగా కంప్యూటరుకే కలిపి, రిసీవరుకు రెండో తీగ వేసి, డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ కనబడని తెరను ఒక మూలకు జరిపేయండి.

కార్డులో ఎన్ని పేర్లు?

మేనల్లుడు హెచ్‌డీఎంఐకి మారాడు. అయినా రెండే. ఈసారి కారణం వేరు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే కనుక కాస్త నిదానంగా చెబుతాను.

రేషన్ షాపుకు వెళితే డీలరు మన ఇంటికొచ్చి మనుషులను లెక్కపెట్టడు. కార్డులో ఎన్ని పేర్లుంటే అన్ని వాటాల బియ్యం ఇస్తాడు. హెచ్‌డీఎంఐ తీగ తగిలించగానే ఇలాంటిదే జరుగుతుంది. అవతలి పెట్టె తన గురించి ఒక చిన్న పట్టిక కంప్యూటరుకు చూపిస్తుంది. "నేను ఫలానా రకాన్ని, ఇన్ని చుక్కల బొమ్మ చూపగలను, ఇన్ని ఛానళ్లు వినిపించగలను, ఫలానా మూటలు విప్పగలను" అని అందులో ఉంటుంది. ఈ పట్టికకు ఈడీఐడీ అని పేరు. కంప్యూటరు ఆ కార్డును బట్టే వడ్డిస్తుంది.

మేనల్లుడు కంప్యూటరును టీవీకి కలిపాడు, టీవీ నుంచి రిసీవరుకు ఆప్టికల్ వేశాడు. కంప్యూటరుకు కనబడేది టీవీ కార్డే. టీవీ ఒంట్లో ఉన్నవి రెండు స్పీకర్లు కనుక చాలా టీవీలు రెండు ఛానళ్లనే రాసి చూపిస్తాయి. వెనక ఐదు స్పీకర్లు ఎదురుచూస్తున్నా వాటి పేర్లు కార్డులో లేవు.

తీగలు మార్చాం. కంప్యూటరు నుంచి రిసీవరుకు, రిసీవర్ నుంచి టీవీకి. ఇప్పుడు కంప్యూటరు చదివింది రిసీవర్ కార్డు. అడుగుల చప్పుడు వెనక్కి చేరింది.

టీవీ నడుమ ఉండి తీరాలంటే, దాని నుంచి రిసీవరుకు ఏ దారి ఉందో చూసుకోవాలి. 2009లో వచ్చిన ఏఆర్‌సీ పద్ధతి ఇంచుమించు ఆప్టికల్ లాంటిదే, ఆరు ఛానళ్లను మూటగానే మోస్తుంది. 2017 నాటి ఈఏఆర్‌సీ కుదించని ఎనిమిది ఛానళ్లు మోయగలదు. రెండు వైపులా ఈఏఆర్‌సీ ఉంటేనే ఆ లాభం.

రిసీవర్ ఆపేసి ఉన్నప్పుడు కార్డు అందక, కంప్యూటరు శబ్దాన్ని వేరే దారికి మళ్లించేస్తుంది. ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివరికి కంప్యూటరు, ఈ వరసలో ఆన్ చేసే అలవాటు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.

రిసీవర్ ముఖం చదవండి

కార్డు సరిపోయినా కంప్యూటరుకు ఇంకో మాట చెప్పాలి. విండోస్‌లో కొత్త పరికరం తరచు స్టీరియోగానే మొదలవుతుంది. సౌండ్ కంట్రోల్ ప్యానెల్లో ప్లేబ్యాక్ జాబితా తెరిచి, రిసీవరును ఎంచుకుని, కాన్ఫిగర్ నొక్కి 5.1 అని చెప్పాలి. అక్కడే టెస్ట్ బటన్ ఉంటుంది. ఒక్కో స్పీకరును వరసగా పలికిస్తుంది. మ్యాక్‌లో ఈ పని ఆడియో మిడి సెటప్‌లో జరుగుతుంది.

తర్వాత రిసీవర్ ముందున్న చిన్న తెర చూడండి. అది అబద్ధం చెప్పదు. మల్టీ ఛానల్ అని ఉంటే కంప్యూటరే మూట విప్పి ఆరు ధారలు పంపుతోందన్నమాట. డాల్బీ అనో డీటీఎస్ అనో వెలిగితే మూట అలాగే వచ్చింది, విప్పేది రిసీవర్. రెండింట్లో ఏదైనా మంచిదే. డాల్బీ అట్మాస్ మాత్రం మూటగానే రావాలి. ఎందుకంటే అందులో స్పీకర్ల లెక్కతో పాటు ఏ చప్పుడు గదిలో ఏ చోట ఉండాలో చెప్పే గుర్తులు కూడా ఉంటాయి. పీసీఎం (కుదించని శబ్దం) అని ఊరుకుని, ముందు రెండు స్పీకర్ల గుర్తులే వెలిగితే ఆరు ఇంకా ఎక్కడో రెండవుతోంది.

అన్ని స్పీకర్లూ మోగుతున్నాయి కదా అని సంతోషపడటం తొందరపాటు. రిసీవర్లలో ఆల్ ఛానల్ స్టీరియో అనే మోడ్ ఉంటుంది. వచ్చిన రెండు ధారలనే ఐదింటికీ పంచి పెడుతుంది. పెళ్లి పందిరికి అది బాగుంటుంది, సినిమాకు దిక్కులు పోతాయి. అలాగే ఇంటర్నెట్ వీడియోల్లో చాలావాటికి ఉన్నవే రెండు ఛానళ్లు. ఘంటసాల కాలం నాటి పాటలు ఎక్కువగా ఒకే ఛానల్లో రికార్డయినవి. వాటిని ఏ సరౌండ్ మోడ్‌లోనూ పెట్టకండి. ఆ గొంతు ముందు నుంచి, ఒకే చోటు నుంచి వస్తేనే నిండుగా ఉంటుంది.

పాట దద్దరిల్లుతుంది, మాట వినబడదు

ఈ ఫిర్యాదు దాదాపు ప్రతి ఇంట్లో విన్నాను. సినిమాల్లో సంభాషణలు ప్రధానంగా నడుమ ఛానల్లో ఉంటాయి. గదిలో రెండు స్పీకర్లే ఉండి, కంప్యూటరుకు మాత్రం 5.1 అని చెబితే, అది నడుమ ధారను లేని స్పీకరుకు పంపేస్తుంది. సంగీతం రెండు పక్కలా హోరెత్తుతుంది, హీరో పెదవులు మాత్రమే కదులుతాయి. ఉన్నది ఉన్నట్టు రెండు స్పీకర్లని చెబితే నడుమ ధారను రెండింట్లోకి కలిపి మాట వినిపిస్తుంది. నడుమ స్పీకరు ఉండీ మాట సన్నగా ఉంటే, రిసీవర్ సెట్టింగుల్లో దాని స్థాయి రెండు మూడు డెసిబెళ్లు పెంచండి. మొత్తం వాల్యూమ్ పెంచడం కన్నా ఇది ఎంతో నయం.

గడియారం ముల్లులా కూర్చోండి

తీగల పని అయ్యాక గది పని. మీరు కూర్చునే చోటు గడియారం మధ్య అనుకోండి, తెర పన్నెండు దగ్గర. ముందు స్పీకర్లు పదకొండు, ఒంటిగంట అంకెల దగ్గర ఉండాలి. ఇందాక వెనకవని చెప్పుకున్న సరౌండ్ స్పీకర్లను చాలామంది అయిదు, ఏడు దగ్గర వెనక గోడకు కొట్టేస్తారు. 5.1కు వాటి సరైన చోటు పక్కన, కొంచెం వెనక్కి, అంటే మూడుకూ నాలుగుకూ నడుమ, ఎనిమిదికీ తొమ్మిదికీ నడుమ. మన ఫ్లాట్లలో సోఫా గోడకు ఆనుకునే ఉంటుంది కనుక వెనక చోటు లేదని దిగులు పడక్కర్లేదు. ఈ లెక్క మనకు అనుకూలమే.

ముందు స్పీకర్లు మూడు మీటర్ల దూరంలో, పక్కవి మీటరున్నర దూరంలో ఉన్నాయనుకోండి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. పక్క స్పీకరు చప్పుడు నాలుగు మిల్లీసెకన్లకు పైగా ముందే చెవిన పడుతుంది. ఒకే చప్పుడు రెండు చోట్ల నుంచి వస్తే, ముందు అందినదాన్నే మెదడు అసలు చోటుగా తీసుకుంటుందని హెల్ముట్ హాస్ 1949లో చూపించాడు. అందుకే రిసీవరులో ఒక్కో స్పీకరు దూరం టేపుతో కొలిచి నమోదు చేయాలి. దగ్గరి స్పీకరును అది ఆ నాలుగు మిల్లీసెకన్లు ఆపి పలికిస్తుంది. రిసీవరుతో మైకు ఇచ్చి ఉంటే దాన్ని మీ తల ఉండే చోట పెట్టండి, దూరాలను అదే కొలుచుకుంటుంది.

గుయ్యిమనే మోత

కంప్యూటరును, రిసీవరును ఇయర్‌ఫోన్ పిన్నులతో కలిపినప్పుడు స్పీకర్లలో సన్నగా, ఆగకుండా గుయ్యిమని మోత వస్తే అది మన కరెంటు మోతే. మన సరఫరా 50 హెర్ట్‌జ్. కంప్యూటరు ఒక గోడ ప్లగ్గులో, రిసీవర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉంటే రెండింటి ఎర్తింగుకు కొద్దిపాటి తేడా వస్తుంది. ఆ తేడా వల్ల పుట్టే సన్నటి కరెంటు ఆడియో తీగ మీదుగా పారి మోతగా వినిపిస్తుంది. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి చూడండి, తరచు తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆప్టికల్ కేబుల్ వాడండి. అందులో వెళ్లేది వెలుతురే, లోహం లేదు, కరెంటు పారే దారే లేదు. ఇందాక రెండే గళ్లని చెప్పుకున్న తీగ ఈ పనికి అన్నిటికన్నా మిన్న.

మోత ఆపడానికి కొందరు త్రీ పిన్ ప్లగ్గులోని పెద్ద పిన్ను విరిచేయమని సలహా ఇస్తారు. మోత ఆగుతుంది, నిజమే. కానీ ఆ పిన్ను ఉన్నది లోపల తీగ తెగి ఇనుప పెట్టెకు తగిలినప్పుడు కరెంటు మీ ఒంట్లోంచి కాకుండా నేలలోకి పోవడానికి. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ పని ఎప్పుడూ చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే, ఇవాళే కొత్త ప్లగ్గు వేయించండి.